ల్యాబుకీ ల్యాబుకీ మధ్య దారి వేయించండి
బయోటెక్నాలజీ శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ కార్యదర్శి గారికి,

పల్నాడు జిల్లా పిడుగురాళ్ల నుంచి రాస్తున్నాను.

2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం బయోటెక్నాలజీతో వస్తువుల తయారీని ప్రోత్సహించే బయో-ఈ3 విధానాన్ని ఆమోదించింది. అందులో మీ శాఖ ఎంచుకున్న ఆరు రంగాల్లో రెండు మా ఊరి పొలిమేరలోనే ఉన్నాయి. ఒకటి వాతావరణ మార్పును తట్టుకునే వ్యవసాయం. పత్తి, మిర్చి మీద బతికే నల్లరేగడి నేల మాది కాబట్టి దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. రెండోది కార్బన్‌ను పట్టి వాడుకోవడం. ఇది మాకెందుకో కొంచెం వివరంగా చెప్పాలి, నా చదువంతా దాని చుట్టూనే తిరుగుతోంది కనుక.

పిడుగురాళ్ల సున్నపు బట్టీల ఊరు. గోడలకు కొట్టే సున్నం, వాకిట్లో వేసే ముగ్గు, ఫ్యాక్టరీలకు పోయే సున్నం ఇక్కడ లారీలకెత్తుతారు. బట్టీలో సున్నపురాయినీ బొగ్గునూ వరసలు వరసలుగా నింపి కాలుస్తారు. దాదాపు 900 డిగ్రీల వేడికి రాయి విడిపోతుంది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే చేతికి దక్కే సున్నం 56 కిలోలు. మిగిలిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడుగా మారి గాలిలో కలిసిపోతాయి. బొగ్గు కాలినందుకు వచ్చేది దీనికి అదనం. రేపు బొగ్గు మానేసి కరెంటుతో కాల్చినా ఆ 44 కిలోలు తగ్గవు. అవి రాయిలోనే ఉన్నాయి. బట్టీలు మూసేయమనడం తేలిక. వాటి మీద ఆధారపడ్డ కూలీలు, లారీ డ్రైవర్లు, ముగ్గు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు నాకు బంధువులు, ఇరుగుపొరుగు. వాళ్ళ పని పోకుండా ఆ వాయువును పట్టాలన్నదే నా కోరిక.

దానికి ప్రకృతిలోనే ఒక సాధనం ఉంది. కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము. మన ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది. నడిమధ్యన ఒక జింకు పరమాణువును పెట్టుకుని, సెకనుకు పది లక్షల దాకా కార్బన్ డయాక్సైడ్ అణువులను నీటిలో కలిసే రూపంలోకి మార్చగలదు. అలా కలిసిన దానికి కాల్షియం తోడైతే మళ్ళీ సున్నపురాయే తయారవుతుంది. వేడిని తట్టుకునే బాక్టీరియాలో ఉండే ఆ ఎంజైము తాలూకు జన్యువును తీసి, ఈ.కోలి అనే బాక్టీరియాలో పెట్టి తయారు చేయించి, బట్టీ పొగకు నిలబడేలా మలచడం నా పీహెచ్‌డీ పని. ఇంజినీరింగ్ బయాలజీ అంటే మా ఊళ్ళో ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను: బతికున్న కణానికి మనకు కావలసిన పని నేర్పడం.

చాలాకాలం ఆ పని ముందుకు సాగలేదు. జన్యువు సరిగానే ఎక్కేది, ప్రొటీన్ కూడా బోలెడు తయారయ్యేది, కానీ కణంలోనే ముద్దకట్టి ఎందుకూ కొరగాకుండా పోయేది. జన్యువు మార్చి చూశాను, ఈ.కోలి రకం మార్చి చూశాను. పరిశోధన పత్రికల్లో వచ్చిన వ్యాసాలన్నీ పని జరిగినట్టే రాస్తాయి, ఎక్కడ చిక్కుపడ్డారో రాయవు. చివరికి వేరే రాష్ట్రంలో జరిగిన ఒక సదస్సులో, భోజనాల వరసలో నా వెనక నిలబడ్డ ఒకబ్బాయి నా మెడలోని కార్డు మీద ఊరి పేరు చూసి మాట కలిపాడు. ఒంగోలు పక్క అతను. ఇదే కుటుంబానికి చెందిన ఎంజైముతో ఇదే బాధ పడ్డాడట. కణాలను 37 డిగ్రీల దగ్గర కాకుండా 18 డిగ్రీల దగ్గర నిదానంగా పెంచి, మీడియంలో కాస్త జింకు కలిపితే ప్రొటీన్ చక్కగా మడతపడిందని చెప్పాడు. "ఇదెక్కడ రాశావు తమ్ముడూ?" అన్నాను. "ఎక్కడా రాయలేదక్కా, మా ల్యాబ్ నోట్‌బుక్‌లో ఉంది. పేపరుకు సరిపోయే విషయం కాదన్నారు" అన్నాడు.

చల్లగా పెంచడం, జింకు కలపడం ఈ రంగంలో ఎవరూ ఎరగని రహస్యాలేమీ కావు. కానీ ఏ ఎంజైముకు, ఏ మోతాదులో, ఏ దశలో కలిపితే పని జరుగుతుందన్నది చేసి చూసినవాడికే తెలుస్తుంది. అతనికి నా సంగతి తెలియదు. నాకు అతని సంగతి తెలియదు. మా ఇద్దరికీ నెలనెలా ఫెలోషిప్ ఇచ్చేది మాత్రం మీ శాఖే. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు, అందుకు మేం కృతజ్ఞులం. అదే ప్రశ్నకు అదే జవాబు వెతకడానికి రెండు ఊళ్ళలో ఇద్దరికి ప్రజల డబ్బు ఖర్చయిందంటే, తప్పు నాదో అతనిదో కాదని మీరు ఒప్పుకుంటారని నా నమ్మకం. మా ఇద్దరి మధ్యా దారి లేదు. భోజనాల వరస దొరికింది కాబట్టి సరిపోయింది.

ఇది కొత్త జబ్బు కాదు. 1895లో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ మా తరానికి పాఠంగా చెబుతారు, అయితే అందులో సగమే చెబుతారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. కణాలకు శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వెలుగులోకి తెచ్చారు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. చెప్పని సగం జార్జ్ హిచింగ్స్ చెప్పారు. 1988లో నోబెల్ బహుమతి అందుకున్న హిచింగ్స్ ఆ రోజుల్లో హార్వర్డ్‌లోనే చదువుకున్నారు. సుబ్బారావు గారు వేరుచేసిన న్యూక్లియోటైడ్లలో కొన్నింటిని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందనీ, ఫిస్క్ అసూయ కొద్దీ ఆ పనిని వెలుగు చూడనివ్వలేదనీ ఆయన తర్వాతి కాలంలో చెప్పారు. కనుక్కున్న విషయం మూలన పడింది. దాన్ని మళ్ళీ కనుక్కోవడానికి ఇంకొకరి యవ్వనం ఖర్చయింది.

అదే సుబ్బారావు గారు లెడర్లీ కంపెనీకి వెళ్ళాక ఎలా పనిచేశారో చూడండి. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో పిల్లల జబ్బుల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్‌కు ఇచ్చింది. రక్తకాన్సర్ పిల్లల్లో కొందరికి కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రచురించాడు. కాన్సర్‌కు మందులతో చికిత్స అక్కడి నుంచే ఊపందుకుంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. ఆయన మేధస్సు రెండు చోట్లా ఒకటే. ఒకచోట పని గది దాటలేదు, ఇంకోచోట సీసాలో పోసి అవసరమైనవాడి చేతిలో పెట్టారు.

మిగతా శాస్త్రాల కంటే ఇంజినీరింగ్ బయాలజీకి ఈ పంచుకోవడం ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకంటే ఇది ముక్కలు జోడించే విద్య. జన్యువును నడిపించే ముక్క ఒకటి, ఆపే ముక్క ఒకటి, ప్రొటీన్‌ను బయటికి పంపే ముక్క ఒకటి. ఏ కంపెనీ ట్రాక్టరుకైనా ఒకే కొలత బోల్టు సరిపోయినట్టు, ఒక ల్యాబులో కట్టిన ముక్క ఇంకో ల్యాబులో అతకాలన్నది ఈ విద్యకు పునాది. 2003లో ఎంఐటీలో సెలవుల కోర్సుగా మొదలై మరుసటేడు విద్యార్థుల పోటీగా మారిన ఐజెమ్ ఆ పునాది మీదే లేచింది. కుర్రవాళ్ళు కట్టిన ప్రతి ముక్కనూ అందరూ వాడుకునే పట్టికలో చేర్చాలి. ఏం పనిచేసిందో, ఏం పనిచేయలేదో తమ పేజీలో రాయాలి. మన రాష్ట్రం నుంచి తిరుపతి ఐఐఎస్‌ఈఆర్ పిల్లలు ఆ పోటీకి వెళ్ళారు. వాళ్ళ పేజీలు చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. పెద్ద పత్రికల్లో దొరకని వివరం అక్కడ ఉంది, అదీ డిగ్రీ చదివే పిల్లలు రాసింది. అమెరికాలో ఇంజినీరింగ్ బయాలజీ పరిశోధన సంస్థల కూటమి 2016లో ఏర్పడింది. అందులో విద్యార్థులకూ పోస్ట్‌డాక్‌లకూ విడిగా ఒక సంఘం ఉంది. పిల్లలే ఒకరినొకరు కలుసుకునే ఏర్పాటు అది.

మనకు అలవాటు లేని పని ఇది అని మాత్రం అనకండి. మా జిల్లాల వాళ్ళం తినే అన్నంలోనే దానికి సాక్ష్యం ఉంది. బాపట్లలో పుట్టిన బీపీటీ-5204, అంటే సాంబ మసూరి, 1986 నుంచి రైతుల చేతుల్లో ఉంది. దానికి ఎండాకు తెగులు శత్రువు. ఆ తెగులును ఆపే జన్యువుల్లో ముఖ్యమైనది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో దొరికింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ సింగ్ ఖుష్ బృందం దాన్ని సాగు వరిలోకి తెచ్చింది. 1995లో అమెరికాలో పమేలా రొనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి చూపించింది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని మరో రెండు జన్యువులతో కలిపి ఒకే వంగడంలో కూర్చింది. ఆ వంగడం హైదరాబాద్ వచ్చింది. అక్కడ సీసీఎంబీలో తెగులు బాక్టీరియాను చదివే రమేష్ సొంటి బృందం, వరి పరిశోధన డైరెక్టరేట్‌లో వంగడాలు చేసే బృందం ఒక జట్టుగా పనిచేసి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని ఇచ్చారు. ఈ గొలుసులో ఎక్కడో ఒకరు గింజలు ఇవ్వనన్నా మన కంచం దాకా వచ్చేది కాదు. అదే సాంబ మసూరిలో ఒక జన్యువును సవరించి హైదరాబాద్ శాస్త్రవేత్తలే తయారుచేసిన కమల అనే వంగడాన్ని 2025 మేలో ప్రకటించారు. గింజ చేతులు మారింది కనుక ఇదంతా జరిగింది. గింజలకు ఆ సంప్రదాయం ఉంది. ల్యాబుల్లో తయారయ్యే, జన్యువును కణంలోకి మోసే డీఎన్ఏ వలయాలైన ప్లాస్మిడ్లకూ, బాక్టీరియా రకాలకూ, పనిచేయని ప్రయోగాలకూ అది ఇంకా రాలేదు.

ఆ సంప్రదాయం రానందువల్ల పొలంలో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. 2021లో మా మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడింది. తెల్లటి పూతలో దూరి రసం పీల్చేది, పూత రాలిపోయేది. మందు మీద మందు కొట్టారు. కౌలు రైతులు చేలు దున్నేసుకున్నారు. ఆ పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది, మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. అంటే ఆరేళ్ళ ముందే దాని ముఖం చూసిన శాస్త్రవేత్తలు ఉన్నారు. తామర పురుగుల మీద, వాటి జన్యువులను మౌనం చేసే ఆర్‌ఎన్‌ఏ పద్ధతుల మీద పనిచేసే యువ పరిశోధకులు దేశంలో అక్కడా ఇక్కడా ఉన్నారు. గుంటూరు పక్క లాం ఫారంలో మిర్చి వంగడాలు చేసేవాళ్ళున్నారు. గుంటూరు మిర్చి యార్డుకు మాత్రం ఆ పురుగు వార్త మందుల షాపుల ద్వారా చేరింది. ఏ మందు కొట్టాలో అక్కడే తేలింది. ఆ సీజన్‌లో ఇంటికి ఫోన్ చేస్తే మా నాన్న అడిగిన ప్రశ్న నాకు ఇంకా గుర్తుంది: "నువ్వు చదివేది పురుగుల చదువు కాకపోయినా, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారామ్మా?" అప్పుడు నాకు ఒక్కరూ తెలియదు.

పత్తిలోనూ ఇంతే. బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. ఈ నేల మీద జన్యువును మార్చి రైతు చేతికిచ్చిన మొదటి పంట అది. గులాబీ రంగు పురుగు ఆ రెండింటికీ అలవాటుపడింది. అదే పురుగు, అవే జన్యువులు ఉన్న అమెరికాలో మాత్రం 2018లో ఆ పురుగు పత్తి చేలల్లో లేకుండా పోయిందని వాళ్ళ వ్యవసాయ శాఖ ప్రకటించింది. బీటీ పత్తికి తోడు సంతానం కలగని చిమ్మటలను వదిలారు. అరిజోనాలో విశ్వవిద్యాలయం వాళ్ళూ రైతులూ ప్రభుత్వం వాళ్ళూ ఏటా పురుగుల లెక్కలు కలిసి చూసుకున్నారు. ఇక్కడ పురుగు అలవాటుపడకుండా చేను చుట్టూ వేయమని బీటీ సంచితో పాటు ఇచ్చిన మామూలు విత్తనం ప్యాకెట్టును గట్టు మీద పారేసినవాళ్ళను నేను చూశాను. అది ఎందుకు వేయాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత అనుమతి లేని, కలుపుమందును తట్టుకునే పత్తిని బీజీ-3 పేరుతో అమ్మారు, అదీ ఊరూరా పాకింది. శాస్త్రం తన మాట తాను చెప్పనిచోట వ్యాపారి మాట చెల్లుబాటవుతుంది.

మీ శాఖ ఏమీ చేయలేదని నేను అనడం లేదు. 2014 డిసెంబరులో మీరూ, సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖా కలిసి తెచ్చిన విధానం ప్రకారం, మీ డబ్బుతో జరిగిన పరిశోధన వ్యాసాలు అందరికీ దొరకాలి. మంచి విధానం. కానీ అది వ్యాసాల గురించి. వ్యాసం దాకా రాని పని ఏ ల్యాబులోనైనా వ్యాసంగా మారిన పని కంటే ఎక్కువ. అలాగే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 ప్రచురణ సంస్థల 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. నేను రోజూ దాన్ని వాడుకుంటున్నాను.

నా చెల్లెలి వరసయ్యే అమ్మాయి మాత్రం వాడుకోలేదు. తను ఇక్కడికి దగ్గర్లో ఒక ప్రైవేటు కాలేజీలో బయోటెక్నాలజీ చదువుతోంది. మొదటి దశలో ఆ పథకం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే. గుంటూరు, పల్నాడు, ప్రకాశం, బాపట్ల జిల్లాల్లో ఇంజినీరింగ్, బయోటెక్ చదివే పిల్లల్లో అత్యధికులు ప్రైవేటు కాలేజీల్లోనే ఉన్నారు. బైపీసీ తీసుకుంటే డాక్టరవ్వాలి, నీట్‌లో సీటు రాకపోతే అగ్రికల్చర్ బీఎస్సీ, అదీ రాకపోతే బయోటెక్. ఈ వరసలో చివరికి మిగిలి వచ్చిన పిల్లలకే మనం పత్రికల తలుపు కూడా వేసేస్తున్నాం. వాళ్ళకు ఒక వ్యాసం కావలసివస్తే నా వంటి అక్కను అడుగుతారు. అక్క లేనివాళ్ళు ఏం చేయాలి? ప్రయోగాల విషయంలోనూ అంతే. జన్యువులతో ప్రయోగం చేయాలంటే 1989 నిబంధనల ప్రకారం సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాలి, ఉండి తీరాలి కూడా. చిన్న కాలేజీలు ఆ ఏర్పాటు చేసుకోలేవు. అలాంటివి నాలుగైదు కలిసి దగ్గర్లో ఉన్న విశ్వవిద్యాలయం కమిటీ కింద, దాని ల్యాబులోనే పని చేసుకునే వీలుంటే పిల్లలు యూట్యూబ్‌లో చూసి నేర్చుకునే అవస్థ తప్పుతుంది.

ఇప్పుడు అడగవలసింది అడుగుతాను. బయో-ఈ3 కింద బయోఫౌండ్రీలు కడుతున్నారు. యంత్రచేతులు రాత్రింబవళ్ళు డీఎన్ఏ ముక్కలు అతికే చోట్లు అవి. కట్టండి, అవి కావాలి. వాటికి కేటాయించే డబ్బులో చిన్న భాగం మనుషులను కలపడానికి కూడా కేటాయించండి. మీ గ్రాంటు తీసుకున్న ప్రతి ల్యాబూ ఏడాది చివర లెక్కలు పంపుతుంది కదా, వాటితో పాటు ఆ ఏడాది పనిచేయని ప్రయోగాల వివరాలూ పంపాలని షరతు పెట్టండి. రెండేసి పేజీలు చాలు: ఏం చేయబోయాం, ఏం జరిగింది, ఎందుకని అనుకుంటున్నాం. ఆ ప్రయోగం చేసిన విద్యార్థి పేరుతోనే అది అందరికీ కనిపించాలి, ఎవరైనా వాడుకుంటే ఆ పేరునే ఉదహరించాలి. ఫెలోషిప్ పొడిగింపు చూసే కమిటీ దాన్ని పనిగా లెక్కించాలి. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. ఓడిన ప్రయోగాన్ని రాసినందుకు మార్కులు పడవని తెలిస్తే ఎవరూ రాయరు. నా ఒంగోలు తమ్ముడు అందుకే రాయలేదు. పేపరుకు సరిపోదన్నారు కాబట్టి రాయలేదు గానీ దాచుకోవాలని కాదు.

కట్టిన ప్లాస్మిడ్‌నూ, మలచిన బాక్టీరియా రకాన్నీ చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండారం ఎంటీసీసీ వంటి చోట భద్రపరచమనండి. అమెరికాలో ఆడ్‌జీన్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2004 నుంచి ప్లాస్మిడ్లు పంచుతోంది. అక్కడి నుంచి తెప్పించుకోవాలంటే మాకు ఖర్చు, కాలం, కస్టమ్స్. మన దేశంలోనే కట్టినదాన్ని మన పక్క రాష్ట్రానికి పంపడానికి ఒక కాగితం, ఒక కొరియర్ సరిపోవాలి.

మూడో కోరిక మనుషుల రాకపోకల గురించి. సదస్సులకు డబ్బిస్తున్నారు. సదస్సులో పోస్టరు ముందు పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటాం, ఎవరి రైలు వాళ్ళు ఎక్కుతాం. చేతిపని అలా రాదు. పక్క ల్యాబులో నెలో నెలన్నరో ఉండి, వాళ్ళ చేతులు ఎలా కదులుతున్నాయో చూస్తేనే వస్తుంది. అలాంటి ప్రయాణానికి చార్జీలు, వసతి ఇచ్చే చిన్న పద్దు ఒకటి తెరవండి. దరఖాస్తు ఒక్క పేజీ ఉండాలి, జవాబు నెలలోపు రావాలి. ఆడపిల్లలకు వసతి ముందే ఖాయం చేయాలి, లేకపోతే ఇళ్ళలో పంపరు. ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళ మాటలు మీ దగ్గరికి ముందే వచ్చి ఉంటాయి. పంచుకుంటే వేరేవాళ్ళు మన ఫలితం కొట్టేస్తారని భయం. నాకూ ఉంది ఆ భయం, చిన్న ల్యాబులో ఉన్నవాళ్ళకు అది ఇంకా ఎక్కువ. కానీ 2013 నవంబరులో బయోఆర్కైవ్ వెబ్‌సైట్ మొదలైనప్పటి నుంచి, వ్యాసం పత్రికలో రాకముందే తేదీతో సహా అందరి ముందూ పెట్టుకునే వీలుంది. ఎవరు ముందో ఆ తేదీయే చెబుతుంది. పేటెంట్ కావాలనుకునేవాళ్ళు ముందు దరఖాస్తు పెట్టుకుని తర్వాత చెప్పాలి, ఆ క్రమం పిల్లలకు నేర్పాలి. ఇక అన్నీ పంచుకోకూడదనేవాళ్ళ మాటను నేను పూర్తిగా గౌరవిస్తాను. రోగాలు తెచ్చే క్రిములను మరింత బలపరిచే పనుల వివరాలు ఎవరికి పడితే వారికి దొరకకూడదు. ఆ గీత ఎక్కడ గీయాలో మీ నిపుణులు గీయాలి. నా ఎంజైమును 18 డిగ్రీల దగ్గర పెంచాలన్న సంగతి మాత్రం ఆ గీతకు చాలా ఇవతల ఉంది.

చివరగా, ఒక సమావేశం ఇక్కడ పెట్టించమని అడుగుతున్నాను. యువ పరిశోధకుల సమావేశాలు ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్‌లలో, కాకపోతే ఏ సముద్రపు ఒడ్డు హోటల్లోనో జరుగుతుంటాయి. నవంబరు చివరలో మా దగ్గరికి రండి. అప్పుడు మిర్చి పూత మీద ఉంటుంది, పత్తి తీతలు నడుస్తుంటాయి, బట్టీలు ఎటూ మండుతూనే ఉంటాయి. దేశంలో ఇంజినీరింగ్ బయాలజీ చేస్తున్న పీహెచ్‌డీ విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లు ఓ యాభై మందిని పిలవండి. లాం ఫారం శాస్త్రవేత్తలను పిలవండి. ఉదయం పొలంలో, మధ్యాహ్నం బట్టీ దగ్గర, సాయంత్రం ఏదో ఒక కాలేజీ హాల్లో కూర్చుందాం. ఆ సాయంత్రం ఎవరూ గెలిచిన ప్రయోగం చెప్పకూడదు. తామెక్కడ ఆగిపోయారో చెప్పాలి. బట్టీ యజమానిని ఒక మూల కూర్చోబెడితే, తన పొగలో ఎంత వేడి, ఎంత దుమ్ము, ఎంత గంధకం ఉంటుందో మేం పుస్తకాల్లో వెతికే అంకెలు నోటితో చెబుతాడు. మిర్చి రైతు ఏ ఆకు ఏ రోజు ముడుచుకుందో తేదీతో సహా చెబుతాడు. ఈ రెండూ ఏ పత్రికలోనూ దొరకవు, ఏ సబ్‌స్క్రిప్షన్‌లోనూ రావు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు పిడుగురాళ్ల స్టేషన్ ఉంది, అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద బస్సులున్నాయి. వసతికి ఊళ్ళో కల్యాణ మండపాలున్నాయి, పెళ్ళిళ్ళు లేని తేదీలు చూసి ముందే మాట్లాడతాం. భోజనాల సంగతి మాకు వదిలేయండి. ఆహ్వానం మాత్రం ప్రైవేటు కాలేజీల పిల్లలకు కూడా వెళ్ళేలా చూడండి, తెలుగులో కూడా అచ్చువేయించండి.

ఇట్లు,
పిడుగురాళ్ల నుంచి ఒక పరిశోధక విద్యార్థిని